చిన్న యంత్రమునకు తగిన లినక్సు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మనకు పుస్తకముల నందించుచున్నది. ఇప్పుడు బీరువాల ప్రక్కన నొక చిన్న కంప్యూటరును గూడ నుంచవలెనని కార్యవర్గము తలపెట్టినది. దీనికై వెచ్చించు ప్రతి రూపాయియు పుస్తకముల పద్దునుండి తగ్గునదియే. కావున అల్పశక్తిగల యంత్రముతో అధిక ప్రయోజనము పొందుటెట్లో విచారింతము.

1991లో ఫిన్లాండు దేశమున విద్యార్థిగా నుండిన లైనస్ టోర్వాల్డ్స్ లినక్సునకు అంకురార్పణ చేసెను. అది వెల లేకుండ లభించును. ఎవరైనను తమ యవసరమున కనువుగ మార్చుకొనవచ్చును. అందుచే దాని కూర్పులు అనేకములు వెలసినవి. చిక్కంతయు ఎన్నికలోనే కలదు.

మొదట చూడవలసినది ప్రాసెసరు జాతి. 2012లో బ్రిటనున వెలువడిన రాస్ప్‌బెర్రీ పై అరచేత నిముడు యంత్రము. దానిది ఆర్మ్ జాతి. డెబియన్ ఆధారముగ నిర్మించిన రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ దానికి తగిన జోడు. ఇంటెల్ జాతికై చేసిన కూర్పు దానిపై నడువదు. ఒక తాళపుచెవి వేరొక తాళమునకు పట్టునా? ఇంటెల్ యంత్రమైనచో 32 బిట్లదా, 64 బిట్లదా యని విచారింపవలెను. లుబుంటు 2019లోనే 32 బిట్ల కూర్పును విడిచినది. 2023లో వచ్చిన యాంటిఎక్స్ 23 మాత్రము ఆ పాత యంత్రములకును లభించినది.

రెండవది ర్యామ్. 512 మెగాబైట్లే యున్నచో తెరపై బొమ్మలు లేని లైట్ కూర్పు మేలు. ఒక గిగాబైటున్నచో యాంటిఎక్స్ గాని, పప్పీ లినక్సు గాని చాలును. పప్పీ తన్ను తాను ర్యామ్‌లోనికి ఎక్కించుకొని నడుచును గనుక డిస్కు మందకొడియైనను బాధ లేదు. రెండు గిగాబైట్లు, అంతకు మించి యున్నచో లుబుంటు పనికివచ్చును. కాని యొక హెచ్చరిక: కూర్పు ఎంత తేలికయైనను, ఇంటర్నెట్టు చూపు బ్రౌజరు తేలిక కాదు. పది పుటలు ఒక్కసారి తెరచినచో చిన్న యంత్రము చతికిలబడును.

మూడవది మన భాష. తెలుగు అక్షరములు చక్కగ కనబడని యంత్రము మన గ్రంథాలయమున కలంకారమే గాని యుపకారము గాదు. కావున ఇంటెల్ యంత్రమున నే కూర్పునైనను స్థాపింపకముందే పెన్‌డ్రైవునుండి నడిపి చూడుడు. ఒత్తులు సరిగ నమరుచున్నవా, తెలుగున టైపు చేయ వీలున్నదా, ప్రింటరు పలుకుచున్నదా పరీక్షింపుడు. భద్రతా సవరణలు నేటికిని వెలువడుచున్న కూర్పునే గ్రహింపుడు.

తుదకొక మాట. హఠాత్తుగ కరెంటు పోయినచో రాస్ప్‌బెర్రీ పైలోని మెమొరీ కార్డు చెడుట కలదు. పుస్తకముల పట్టికను వారమున కొకసారి వేరొకచోట నకలు తీసి యుంచుడు; కాగితపు రిజిస్టరును మానకుడు. యంత్రము సేవకుడు, పుస్తకము గృహస్థు. ఈ క్రమము తప్పక, మన గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనుగాక యని ఆకాంక్షించుచు సెలవు తీసికొనుచున్నాను.