ప్రైవేటు చదువులు – తరుగుచున్న సంతానము

(మన సంఘ సర్వసభ్య సమావేశమునందు చదివిన ఉపన్యాస పాఠము)



పిల్లల చదువును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యవర్గమువారు మమ్ము కోరిరి. చదువు మంచిదా కాదా యను ప్రశ్న మన కుటుంబములలో ఎన్నడును లేదు. తాతముత్తాతల నాడే వచ్చి పరభాషల నడుమ స్థిరపడిన మనకు చదువే ఆస్తి, చదువే పొలము. కాని ఆ చదువు బడిలో చాలక, సాయంకాలము వేరొకచోట రుసుము చెల్లించి కొనవలసిన సరకైనపుడు ఏమి జరుగునో మనము ఆలోచింపవలసియున్నది. మన వాడుకలో దీనిని ‘ప్రైవేటు’ అందుము. ట్యూషను అనినను, కోచింగు అనినను అదియే. ఈ త్రోవలో మనకంటె చాల ముందుగా నడచిన దేశము దక్షిణ కొరియా. మొదట ఆ దేశపు సంగతి విన్నవించి, పిదప మన యింటి సంగతికి వచ్చెదము.

1953లో యుద్ధము ముగియునప్పటికి ఆ దేశము శిథిలమై యుండెను. పొలము పోయినవారు, ఇల్లు పోయినవారు బిడ్డ చదువుమీదనే ఆశ పెట్టుకొనిరి. బడులు వేగముగా వెలసినవి. ఇది గొప్ప విజయము. కాని పేరుగల బడులు కొన్నియే, కోరువారు వేలు. అందుచేత పండ్రెండేండ్ల బిడ్డకే ప్రవేశపరీక్ష గండమైనది. 1964 డిసెంబరులో సియోల్ నగరమున మాధ్యమిక పాఠశాలల ప్రవేశపరీక్షలో ఒక ప్రశ్న వచ్చెను. అన్నముతో మిఠాయి వండునపుడు మొలకధాన్యపు పిండికి బదులుగా ఏమి వేయవచ్చును? అధికారులు ఒక్క జవాబునే అంగీకరించిరి. ముల్లంగి రసమని వ్రాసిన పిల్లలకు మార్కు పోయినది. తల్లులు ముల్లంగి రసముతోనే మిఠాయి వండి, విద్యాశాఖ కార్యాలయమునకు తీసికొనిపోయి చూపిరి. 1965లో న్యాయస్థానము ఆ జవాబును సరియైనదే యని తీర్పు చెప్పెను. వినుటకు వినోదముగా నుండును. కాని ఒక్క మార్కుతో బిడ్డ బ్రతుకు నిర్ణయమగునని తల్లులు నమ్మిన చోటనే యిట్టివి జరుగును.

అచటి ప్రభుత్వములు చూచుచు ఊరకుండలేదు. 1969లో సియోల్‌తో ఆరంభించి మాధ్యమిక ప్రవేశపరీక్షలను తీసివేసిరి. 1974లో సియోల్, బూసాన్ నగరముల ఉన్నత పాఠశాలలకు చీట్లు వేసి విద్యార్థులను పంచు పద్ధతి తెచ్చిరి. పోటీ చావలేదు, విశ్వవిద్యాలయపు వాకిటికి జరిగినది. 1980 జూలైలో సైనిక ప్రభుత్వము ప్రైవేటు చెప్పుటనే నిషేధించెను. కలవారు రహస్యముగా చెప్పించుకొనిరి. క్రమముగా నిషేధము సడలినది. 2000లో రాజ్యాంగ న్యాయస్థానము దానిని కొట్టివేసెను. రాత్రి 10 గంటల తరువాత ప్రైవేటు బడులలో పాఠములు చెప్పరాదను సియోల్ నగర నిబంధనను 2009లో అదే న్యాయస్థానము సమర్థించెను. పసిపిల్లలు రాత్రి పది దాటినను ఇల్లు చేరకుండుట సహజమైపోయిన చోటనే గదా, అట్టి నిబంధన అవసరమగును!

2024 నాటి ప్రభుత్వ లెక్కల ప్రకారము అచట 100 మంది బడిపిల్లలలో 80 మంది ప్రైవేటుకు పోవుచుండిరి. ముందటి యేటికంటె పిల్లల సంఖ్య సుమారు 80 వేలు తగ్గినది. ఖర్చు మాత్రము 27 లక్షల 10 వేల కోట్ల వాన్ల నుండి 29 లక్షల 20 వేల కోట్ల వాన్లకు పెరిగినది. నెలకు 80 లక్షల వాన్లకు తక్కువ గాని ఆదాయము గల యింట ఒక్కొక్క బిడ్డకు సగటున 6 లక్షల 76 వేలు వెచ్చించిరి. 30 లక్షలకు లోపు ఆదాయము గల యింట వెచ్చించినది 2 లక్షల 5 వేలు. మూడింతలకు పైగా భేదము! బడిలో ఒకే బల్లపై కూర్చున్న ఇద్దరు పిల్లలను సాయంకాలపు గంట ఇట్లు వేరుచేయుచున్నది.

ఇందలి కిటుకు ఎట్టిది? వీథిలో తోలుబొమ్మలాట జరుగుచున్నదనుకొందము. ముందు వరుసవాడు ఒకడు లేచి నిలువబడెను. వెనుకవాడును లేవక తప్పదు. కొంతసేపటికి అందరును నిలిచియే యుందురు. ఎవరికిని మునుపటికంటె మేలుగా కనబడదు, అందరికిని కాళ్లు నొచ్చును. పొట్టివానికి ఆట బొత్తిగా కనబడదు. ప్రైవేటు వలన కళాశాలలో సీట్లు పెరుగవు. వంద సీట్లకు వేయిమంది పోటీపడినచో, వేయిమందియు ప్రైవేటు చదివినను తొమ్మిదివందలమంది వెలుపలనే. బడిలో వెనుకబడిన బిడ్డకు చేయూతనిచ్చు చదువు వేరు. దానిని మేము నిందించుట లేదు. వరుసలో ముందు నిలుచుటకై కొను చదువు వేరు. అది ఒక యింటివాడు మొదలుపెట్టిన ప్రక్కయింటివాడు మానలేని వ్యసనము.

ఆ ఖర్చు మొదట పేదబిడ్డపై పడును. తరువాత ఇంకను పుట్టని బిడ్డపై పడును. 1960లో కొరియాలో ఒక స్త్రీకి సగటున ఆరుగురు పిల్లలు. జనసంఖ్య తరుగక నిలుచుటకు కావలసిన 2.1 కంటె 1983లోనే ఆ లెక్క దిగిపోయెను. 2018లో ఒకటికి లోపు, 2023లో 0.72, 2024లో కొంచెము కోలుకొని 0.75. ఇందుకు ప్రైవేటు ఒక్కటే కారణమనుట న్యాయము కాదు. ఇండ్ల ధరలు, ఆఫీసులలో దీర్ఘమైన పనివేళలు, ఉద్యోగమును ఇల్లును రెండును స్త్రీయే మోయవలసి వచ్చుట, ఆలస్య వివాహములు – ఇవన్నియు కలవు. అయినను, ఒక్క బిడ్డనే ఈ పందెములో నిలుపలేకున్నాము, ఇద్దరి నెట్లు నిలుపుదుమని తలచు తలిదండ్రులు పెక్కురు కలరనుట నిస్సంశయము. చైనా దేశమును 2021లో ముఖ్యపాఠములలో లాభమునకు ట్యూషను చెప్పు కంపెనీలను నిషేధించెను. అచటను కొంత వ్యాపారము చాటుకు పోయినది. రోగము పరీక్షలోను, బడిలోను ఉండగా మందు ట్యూషను గదికి పూసిన ఫలమింతే.

ఇక మన సంగతి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సంతాన సగటు కర్ణాటక, మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్‌లలో 1.7, తమిళనాడు, ఒడిశా, తెలంగాణములలో 1.8. అన్నియు 2.1కి లోపే. 2025 నాటి జాతీయ విద్యా సర్వేలో దేశమున 100 మంది విద్యార్థులలో 27 మంది ప్రైవేటుకు పోవుచున్నట్లు తేలినది. మనము కొరియా కాలేదు. త్రోవ మాత్రము అదియే.

అందరికిని కలుగు ఈ కష్టమునకు తోడు మనకు మరియొకటి కలదు. 10, 40 అను రెండంకెలు మన సంఘములవారికి కంఠస్థము. తరగతిలో 10 మంది గాని, బడి మొత్తమున 40 మంది గాని అల్పసంఖ్యాక భాషవారున్నచో ప్రాథమిక దశలో వారి భాషలో చదువు చెప్పవలెనని 1949లో రాష్ట్ర విద్యామంత్రుల సమావేశము నిర్ణయించెను. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము మాతృభాషా బోధనకు బలమిచ్చెను. ఇంటికి ఐదారుగురు బిడ్డలున్న దినములలో ఒక వీథియే ఆ లెక్కను నింపెడిది. నేడు ఇంటికి ఒకరో ఇద్దరో. ఆ ఒక్కరికిని సాయంకాలమంతయు లెక్కలు, సైన్సు ప్రైవేట్లు. మొదట కోతపడునది తెలుగు చదువుకొను గంట. తరువాత అవ్వ చెప్పు కథ. బడి పట్టికలో పదవ పేరు లేక తరగతి మూతపడినచో ఏ ప్రభుత్వమును నిందింపగలము?

కావున మా మనవులు మూడు. మొదటిది: సంఘమందిరమున సాయంకాల పఠనశాల నడుపుదము. విశ్రాంత ఉపాధ్యాయులు, కాలేజీలో చదువు మన పిల్లలు వంతుల వారీగా వచ్చి, రుసుము లేకుండ పాఠములు చెప్పవలెను; ప్రైవేటుకు పైకము లేని యింటి బిడ్డకు ముందు చోటు. అందులో అరగంట తెలుగు చదువు తప్పనిసరి. రెండవది: 2009 విద్యాహక్కు చట్టము క్రింద నేర్పడిన బడి యాజమాన్య సంఘములలో మన తలిదండ్రులు కూర్చుండి, చెప్పవలసిన పాఠము బడిలోనే చెప్పుడని అడుగవలెను. మూడవది: ఏటేట మన సంఘమిచ్చు బహుమతులు మొదటి ర్యాంకునకే కాక, వెనుకబడిన తోటిపిల్లకు పాఠము చెప్పిన బిడ్డకును ఇయ్యవలెను.

ఇంకొక మాట. ఎక్కువమంది పిల్లలను కనుడని మేమెవరికిని బోధించుట లేదు. అది దంపతుల యిష్టము. ఒక్కరితో చాలించిన కోడండ్రను పెద్దలు ఆడిపోసికొనుట తగదు. ఆమె భయమున కారణమేమో తెలిసికొని, ఆ బరువులో కొంత మనము మోయుట తగును. బిడ్డను పెంచుట ఒక యింటి అప్పుగా గాక పదియిండ్ల పనిగా నున్నచోట ఆ భయము తగ్గును. తెలుగు తరగతిలో పదవ పేరును చేరును.