"నెమో వాళ్ళమ్మ ఏమైంది నాన్నా?" చిన్నపిల్లలతో పుస్తకాలు, సినిమాలు

మామూలుగా మనం ఇక్కడ ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, ఇంటర్వ్యూలు, ఇవే మాట్లాడుకుంటాం కదా. ఈరోజు టాపిక్ వేరు. చిన్నపిల్లలతో కలిసి ఏ పుస్తకాలు చదవాలి, ఏ సినిమాలు చూడాలి. "నాకింకా పెళ్లే కాలేదు బ్రో, నాకెందుకు ఇది" అనుకునేవాళ్ళు కూడా కాస్త ఆగండి. మీకు అక్క పిల్లలుంటారు, అన్న పిల్లలుంటారు. పండక్కి ఇంటికెళ్తే "బాబాయ్, ఫోనివ్వు" అని మీ మీదకే ఎక్కుతారు. ఆ ఫోన్‌లో మీరేం పెట్టిచ్చారన్నది చిన్న విషయం కాదు. నాకది ఎలా తెలిసొచ్చిందో ముందు చెప్తా.

మా పాపకి నాలుగేళ్లు. నేను జాబ్ మానేసి వీడియోలు మొదలుపెట్టాక, మా ఆవిడ ఆఫీసుకెళ్తుంది, మధ్యాహ్నం స్కూల్ నుంచి వచ్చిన పాపను నేను చూసుకుంటా. వినడానికి బాగానే ఉంటుంది. కానీ సాయంత్రంలోపు ఎడిటింగ్ అయిపోవాలంటే పాప గంటన్నర కదలకుండా కూర్చోవాలి. ఒకరోజు ఓటీటీలో పిల్లల సెక్షన్ తెరిస్తే 'ఫైండింగ్ నెమో' కనిపించింది. చేపలు, రంగురంగుల బొమ్మలు, పేరున్న సినిమా. ఇంకేం కావాలి? ప్లే కొట్టి, పక్క గదిలోకెళ్లి హెడ్‌ఫోన్స్ పెట్టేసుకున్నా.

ఆ సినిమా నేను ఎప్పుడో బీటెక్‌లో, హాస్టల్ గదిలో చూశా. నెమో తప్పిపోవడం, వాళ్ళ నాన్న సముద్రమంతా వెతకడం, ఇదే గుర్తుంది. మొదటి ఐదు నిమిషాలు మర్చిపోయా. అక్కడేమవుతుందంటే, ఒక పెద్ద చేప వచ్చి మీద పడుతుంది. నాన్న చేపకి దెబ్బ తగిలి స్పృహ పోతుంది. లేచి చూస్తే భార్య ఉండదు. వందల గుడ్లలో ఒక్కటే మిగిలి ఉంటుంది. ఆ ఒక్కటే నెమో.

పాప ఏడవలేదు. నా దగ్గరకి రాలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. సినిమా మొత్తం ఒక్కతే కూర్చుని చూసింది. రాత్రి అన్నం తింటూ అడిగింది, "నెమో వాళ్ళమ్మ ఏమైంది నాన్నా?" అని. నేను ఫోన్‌లో కామెంట్లు చూసుకుంటూ, "బయటికెళ్లిందిలే, వచ్చేస్తుంది" అన్నా.

మర్నాడు పొద్దున మా ఆవిడ ఆఫీస్ బ్యాగ్ తగిలించుకుంది. పాప చున్నీ పట్టుకుని వదల్లేదు. "నువ్వు బయటికెళ్తే ఇంక రావు" అంటుంది. ఎందుకంటే సినిమా అయిపోయేదాకా నెమో వాళ్ళమ్మ రాలేదు కదా. నేనేమో "బయటికెళ్లింది" అన్నా. నాలుగేళ్ల బుర్ర రెండూ కలుపుకుంది. లాజిక్‌లో తప్పేం లేదు. నేనిచ్చిన ఇన్‌పుటే తప్పు.

దాదాపు రెండు వారాలు పొద్దున్నే ఇంట్లో అదే గొడవ. లిఫ్ట్ దగ్గర మా ఆవిడ కళ్ళు తుడుచుకోవడం చూశా. నాతో ఒక్క మాటే అంది: "నువ్వు పక్కనుంటే సరిపోయేది కదా."

సరే. ఇక్కణ్నుంచి ఏం నేర్చుకున్నానో చెప్తా. నేను పిల్లల డాక్టర్ని కాదు, సైకాలజిస్టుని కాదు. ఒక నాన్నగా మాత్రమే చెప్తున్నా.

మొదటిది సర్టిఫికెట్ సంగతి. 'ఫైండింగ్ నెమో'కి అమెరికాలో ఇచ్చింది 'జి' రేటింగ్. అంటే అన్ని వయసులవాళ్ళూ చూడొచ్చని. మన దగ్గర 'యు' లాంటిదే. సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు కోట్లమందిని దృష్టిలో పెట్టుకుని ఇస్తారు. మీ ఇంట్లో వాళ్ళమ్మ రోజూ పొద్దున బయటికెళ్లే ఒక పాప ఉందని వాళ్ళకి తెలియదు. అలాగని సర్టిఫికెట్ పనికిరాదని కాదు, అదొక మొదటి జల్లెడ. 2023లో మన సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని మార్చారు. ఇదివరకు 'యు/ఏ' ఒక్కటే ఉండేది, ఇప్పుడు 7+, 13+, 16+ అని మూడు చేశారు. పోస్టర్ మీద, ట్రైలర్ మొదట్లో ఒకసారి చూడండి. నాలుగేళ్ల పాపని 13+ సినిమాకి తీసుకెళ్లి, హాల్లో ఏడుస్తుంటే ఫోన్ చేతిలో పెట్టడం మనం అందరం చూసిందే.

రెండోది, ముందు మనం చూడాలి. మొత్తం చూడక్కర్లేదు. మొదటి పది నిమిషాలు, చివరి పావుగంట, మధ్యలో అక్కడక్కడ స్క్రోల్ చేస్తే చాలు. నేను మూడు విషయాలు చూస్తా. అమ్మో నాన్నో చనిపోవడం గానీ వదిలి వెళ్లడం గానీ ఉందా? భయపెట్టే మ్యూజిక్ ఎంతసేపు వస్తుంది? పిల్లలు నవ్వే చోట ఎవరినైనా లావనో, నలుపనో, నత్తి అనో ఎక్కిరించి నవ్విస్తున్నారా? ఈ మూడోది మన పాత కామెడీ సీన్లలో చాలా ఉంటుంది. మనం అలవాటుపడిపోయి పట్టించుకోం. పిల్లలు మాత్రం మర్నాడు స్కూల్లో ఎవరో ఒకరిమీద వాడేస్తారు.

మూడోది టైమ్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి కూర్చుని స్క్రీన్ చూసే టైమ్ రోజుకి గంట దాటకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిదని. మరి సినిమా గంటన్నర, రెండు గంటలు కదా అంటారు. రెండు మూడు రోజులు చూడండి, తప్పేముంది? పిల్లలకి "ఇంటర్వెల్" అంటే రేపటిదాకా అని చెప్తే ఒప్పుకుంటారు. మధ్యలో ఆ ఒక్కరోజు కథ గురించే మాట్లాడతారు. అసలు మజా అక్కడే ఉంది.

మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు 'మాయాబజార్' పెట్టింది. 1957 సినిమా, మూడు గంటలు. నాలుగేళ్ల పిల్లకి శశిరేఖ పెళ్లి గొడవంతా ఏం అర్థమవుతుంది? మా అమ్మ తెలివిగా నేరుగా ఘటోత్కచుడి భోజనం దగ్గరికి తీసుకెళ్లింది. ఎస్వీ రంగారావు గారు కూర్చుంటే లడ్డూలు వాటంతటవే లేచి నోట్లోకి వెళ్తుంటాయి. పాప మొదట "దీనికి రంగులెందుకు లేవు?" అంది. ఒక నిమిషం తర్వాత రంగుల ఊసే లేదు. కిందపడి నవ్వింది. మా అమ్మ అక్కడే ఆపేసింది. "మిగతాది నువ్వు పెద్దయ్యాక" అంది. పది నిమిషాలు చూపించి ఆపడం కూడా సినిమా చూపించడమే అని నాకప్పుడు తెలిసింది. కావాలంటే 2010లో విడుదలైన రంగుల వెర్షన్ కూడా ఉంది, కానీ మా ఇంట్లో దాని అవసరం రాలేదు.

ఇప్పుడు పుస్తకాలు. ఇక్కడ నా పరువు కొంచెం పోతుంది, అయినా చెప్తా. మా అమ్మ పాత చందమామలు బైండింగ్ చేయించి దాచుకుంది. 1947 జులైలో మొదలైన పత్రిక, మొదలుపెట్టిన ఇద్దరిలో చక్రపాణి గారిది మా తెనాలి వైపే అని ఆమెకి గర్వం. "పాపకి చదివి వినిపించు" అని ఒకటి నా చేతిలో పెట్టింది. తెరిచా. చదవలేకపోయా. అక్షరాలు తెలుసు, కానీ రెండో తరగతి పిల్లాడిలా కూడబలుక్కుంటున్నా. ఇంగ్లీష్ మీడియం, ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్ మనది. మీలో చాలామందికి అర్థమై ఉంటుంది. వాట్సాప్‌లో తెలుగుని కూడా ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టేవాళ్ళం, పేజీ నిండా తెలుగు చూస్తే కళ్ళు తిరుగుతాయి.

అదీకాక నాకు దొరికింది బేతాళ కథ. చెట్టు మీద శవం, భుజం మీద శవం. అప్పుడే ఆ గొడవ జరిగిన ఇంట్లో! వెంటనే మూసేశా. చందమామ మంచిదే, కానీ బేతాళ కథలు ఎనిమిదేళ్లు దాటాక బాగుంటాయని నా అభిప్రాయం. 'బుడుగు' కూడా అంతే. ముళ్ళపూడి వెంకటరమణ గారి మాటలు, బాపు గారి బొమ్మలు, అద్భుతం. కానీ అది చిన్నపిల్లాడి గురించి పెద్దవాళ్ళు చదువుకుని నవ్వుకునే పుస్తకం. నాలుగేళ్ల పిల్ల దగ్గర చదివితే నవ్వేది మీరొక్కరే. మనకి నచ్చింది వేరు, పిల్లల వయసుకి సరిపోయేది వేరు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? నేను ఫోన్‌లోనే మొదలుపెట్టా. ప్రథమ్ బుక్స్ వాళ్ళ 'స్టోరీవీవర్' అని ఒక సైట్ ఉంది, 2015లో వచ్చింది. తెలుగుతో సహా చాలా భాషల్లో బొమ్మల కథలు, పూర్తిగా ఉచితం. ఓపెన్ లైసెన్స్ కాబట్టి డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు. కథలకి లెవల్ 1 నుంచి 4 దాకా ఉంటాయి. లెవల్ 1 అంటే పేజీకి ఒకటో రెండో చిన్న వాక్యాలు. అది పాప లెవల్ మాత్రమే కాదండి, నా లెవల్ కూడా. నేను కూడబలుక్కుని చదువుతుంటే పాప తొందరపెట్టలేదు. బొమ్మలు చూసుకుంటూ ఆగింది. నెల తిరిగేసరికి నాకే స్పీడ్ వచ్చింది.

కాగితం పుస్తకాలు కావాలంటే సికింద్రాబాద్‌లో 'మంచి పుస్తకం' వాళ్ళవి ఉన్నాయి, తక్కువ ధరలో దొరుకుతాయి. చెన్నైలో 'తూలిక' వాళ్ళు ఒకే పేజీలో తెలుగు, ఇంగ్లీష్ రెండూ ఉన్న బొమ్మల పుస్తకాలు వేస్తారు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మీ అక్కావాళ్ళకి పంపాలంటే అవి బాగా పనికొస్తాయి. విజయవాడలో, హైదరాబాద్‌లో బుక్ ఫెయిర్ పెట్టినప్పుడు వెళ్లండి. కొనేముందు ఒక పని చేయండి, అక్కడే నిలబడి ఒక పేజీ పైకి చదవండి. మీ నోటికి తిరగకపోయినా, "చెప్పెను, వెళ్ళెను" అని మీకే నవ్వొచ్చినా పెట్టేయండి. మీరు మాట్లాడేలాంటి తెలుగు ఉన్నది తీసుకోండి.

తెలుగులోనే ఉండాలని రూల్ కూడా లేదు. ఎరిక్ కార్ల్ అనే ఆయన 1969లో వేసిన 'ది వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్' మా ఇంట్లో ఉంది. గొంగళిపురుగు రోజుకో రకం పండు తింటూ పోతుంది, అది తిన్నచోట పేజీకి నిజంగానే చిల్లు ఉంటుంది. మా పాప ఆ చిల్లులో వేలు పెట్టకుండా పేజీ తిప్పనివ్వదు. నేను తెలుగులో చెప్తా, ప్లమ్స్ వచ్చినచోట రేగుపళ్ళు అంటా. ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. మీకు విసుగొస్తుంది, నిజమే. కానీ తర్వాతేమవుతుందో ముందే తెలిసి ఉండటం వాళ్ళకి ధైర్యం. పురుగు మళ్ళీ సీతాకోకచిలుక అవుతుందని తెలుసు కాబట్టే రాత్రి హాయిగా పడుకుంటారు.

అమ్మ భయం సంగతి చెప్పలేదు కదా. దానికి మాకు బాగా పనికొచ్చింది ఒక జపాన్ సినిమా. 1988లో మియజాకి తీసిన 'మై నైబర్ టొటోరో'. 86 నిమిషాలు, మేం మూడు రోజులు చూశాం. అందులో విలన్ లేడు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు, చెల్లికి నాలుగేళ్లు, సరిగ్గా మా పాప వయసు. వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఉంటుంది. అమ్మ రాదేమోనని వాళ్ళకీ భయమే. నేను ముందే మొత్తం చూసి, అమ్మకేం కాదని నిర్ధారించుకున్నాకే పెట్టా. చెల్లి తప్పిపోయే చోట పాజ్ చేసి "భయమేస్తోందా? దొరుకుతుంది, చూడు" అని చెప్పా. పాప మొదటిసారి తన నోటితో అంది, "నాక్కూడా అమ్మ రాదనిపించింది." అప్పటిదాకా ఎన్నిసార్లు అడిగినా చెప్పని మాట అది. సినిమాలో పాప గురించి మాట్లాడుతూ తన గురించి చెప్పేసింది.

ఆరోజు నేను రాత్రి చెప్పిన అబద్ధం కూడా సరిదిద్దా. "నెమో వాళ్ళమ్మ బయటికెళ్లలేదు, చనిపోయింది. నాన్న నీకు తప్పు చెప్పాడు. మీ అమ్మ ఆఫీసుకెళ్తుంది, సాయంత్రం ఏడింటికి వస్తుంది" అన్నా. గోడ గడియారంలో ఏడు మీద ఒక స్టిక్కర్ అంటించాం. పొద్దున గొడవ ఒక్కరోజులో పోలేదు, కానీ మెల్లగా తగ్గింది.

కొన్ని నెలల తర్వాత పాపే నెమో మళ్ళీ చూస్తానంది. నేను ముందే చెప్పా, "మొదట్లో పెద్ద చేప వస్తుంది. వద్దంటే ఆ ముక్క దాటేద్దాం" అని. ఒక్క క్షణం ఆలోచించి, "నువ్వు ఇక్కడే కూర్చుంటావా?" అంది. కూర్చున్నా. నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆ సీన్ మొత్తం చూసింది. అవ్వగానే గడియారం వైపు తిరిగి, "ఏడయ్యిందా?" అని అడిగింది. "ఇంకో గంటుంది" అన్నా. "సరే, పెట్టు" అంది.

మీ చిన్నప్పుడు మిమ్మల్ని భయపెట్టిన సినిమా, ఎవరైనా పక్కన కూర్చుని చదివి వినిపించిన పుస్తకం ఏదైనా ఉంటే కింద కామెంట్లలో రాయండి, నేను అన్నీ చదువుతా. ఇంట్లో చిన్నపిల్లలున్న మీ ఫ్రెండ్‌కి ఈ వీడియో పంపండి. ఎడిటింగ్ ఇంకా మిగిలే ఉంది, ఇప్పుడు హెడ్‌ఫోన్స్ ఒక చెవికే పెట్టుకుంటున్నా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి, నమస్తే.