రోగి గుట్టు, పరిచారకుల ధర్మము

నేడు పట్టములందుకొనుచున్న నర్సింగు స్నాతకులారా!

మీలో కొందరు త్వరలో ఎచ్.ఐ.వి. మందులిచ్చు ఏ.ఆర్.టి. కేంద్రములలో పనికి కుదురుదురు. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వము ఎచ్.ఐ.వి. మందులను ఉచితముగా నిచ్చుటకు పూనుకొనినప్పుడు, ఎన్నుకొనిన ఆరు రాష్ట్రములలో నాటి ఆంధ్రప్రదేశ మొకటి. నేడు మాత్రలు తప్పక వాడి, వైరసు పరీక్షకందనంతగా తగ్గినవారి నుండి సంభోగము వలన వ్యాధి సంక్రమింపదని శాస్త్రము నిర్ధారించినది. అయినను అట్టి మనిషికి రాత్రి నిద్ర యేల పట్టదు?

కారణము చాలవరకు రక్తమునందు గాక ఇరుగుపొరుగునందు కలదు. సీసాపై చీటీ గీకివేసి, మాత్రలు గలగలలాడకుండ లోపల దూది కుక్కి, బియ్యపు డబ్బాలో దాచుకొను కోడలిని, తెలిసినవారు కనబడుదురేమో యని సొంత ఊరి కేంద్రము విడిచి పొరుగు జిల్లాకు బస్సెక్కు తాపీమేస్త్రీని తలచుకొనుడు. అట్టివారికి ప్రాణాయామ ముపదేశించి పంపుట సగము వైద్యమే. ప్రాణాయామమును నేను నిందించుట లేదు. దానికైనను తలుపు వేసికొనదగిన గది యొకటి కావలయును గదా!

మరియొకటి. మునుపు విరివిగా వాడిన ఎఫావిరెంజ్ అను ఎచ్.ఐ.వి. మందు కొందరికి పీడకలలను, తలతిరుగుడును కలిగించెడిది. అది మందు గుణమే కాని మనోదౌర్బల్యము కాదు. కనుక నిద్రలేమి యన్నవారిని ముందు మందుల చీటీ అడుగుడు.

మందు వలన గాక బెంగ వలన నిద్ర పట్టనివారికి వారి మాట వినువారు కావలయును. జింబాబ్వే రాజధాని హరారేలో డిక్సన్ చిబండా యను మనోవైద్యుడు, వైద్యులు చాలనందున, 2006లో పేటలోని అవ్వలకే శిక్షణ నిచ్చి, ఆరోగ్యకేంద్రపు ఆవరణలో బల్లలపై కూర్చుండబెట్టెను. వచ్చినవారిలో ఎచ్.ఐ.వి. గలవారు పెక్కండ్రు. అవ్వ నీతులు చెప్పదు. బాధలన్నియు చెప్పనిచ్చి, వానిలో నేడు చేపట్టదగిన యొక్కదానిని వారిచేతనే ఎన్నిక చేయించి, అది తీరు దారిని వారిచేతనే వెదకించును. ఈ పద్ధతి వలన ఆరు నెలలకు కుంగుబాటు గణనీయముగా తగ్గినదని 2016లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. ఇందుకు గొప్ప యంత్రము లక్కరలేదు. తొందరపడని చెవియు, గుట్టు దాచు నోరును చాలును.

ఆ గుట్టు దాచుట కేవల సౌజన్యము కాదు. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో నున్న ఎచ్.ఐ.వి. చట్టము, రోగి సమ్మతి లేక అతని స్థితిని వెల్లడించుటను నిషేధించినది. కావున కేసుషీటుపై ఎర్రసిరాతో గుర్తు వేయకుడు, మంచము తలాపున చీటీ కట్టకుడు, వరండాలో నలుగురు వినునట్లు మందు పేరు పలుకకుడు. ఉద్యోగమున చేరిన దినముననే మీ వార్డులో అట్టి గుర్తులున్నవేమో చూచి, ఉన్నచో తొలగింపుడని మిమ్ము కోరుచున్నాను.