మట్టి ట్రాక్ మీద మొదటివాడు: జేమ్స్ స్టీవర్ట్ నుంచి మనం నేర్చుకోవలసింది

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను క్రీడల గురించి మాట్లాడమన్నారు. ఆశ్రమ పాఠశాలలో 22 ఏళ్లుగా పీఈటీగా పనిచేస్తున్నాను కాబట్టి కబడ్డీ గురించో, విలువిద్య గురించో చెబుతానని అనుకుని ఉంటారు. నేను ఇవాళ బైకు గురించి మాట్లాడతాను. లోపలికి వస్తూ చెట్ల కింద ఎన్ని బైకులు ఉన్నాయో లెక్కపెట్టాను. వాటి అద్దాలకు తగిలించిన హెల్మెట్లు కూడా లెక్కపెట్టాను. ఆ లెక్క చివర్లో చెబుతాను.

మా మేనల్లుడికి బైకంటే ప్రాణం. ఫోన్‌లో ఎప్పుడూ మట్టి గుట్టల మీద నుంచి బైకులు ఎగిరే వీడియోలే. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా ఒకరోజు అడిగాడు, "మామా, రేసర్ కావాలంటే ఏం చేయాలి?" అని. నేను నవ్వేశాను. "ముందు లెక్కల్లో పాసవ్వరా" అన్నాను. వాడు ఇంకో మాట కూడా అన్నాడు. "అందులో మనవాళ్లు ఎవరూ లేరు కదా మామా." దానికి నేను "అదే మరి" అన్నాను. అంతటితో మాట అయిపోయింది.

ఆ మరుసటి ఏడు సంతకు వెళ్లి వస్తుండగా ఘాట్ రోడ్డు మలుపులో వాళ్ల బైకు పడింది. బండి మీద ముగ్గురున్నారు. మావాడికి కాలు విరిగింది. వెనక కూర్చున్న వాడి స్నేహితుడు చనిపోయాడు. అతను నా దగ్గర ఖోఖో ఆడిన పిల్లవాడు. హెల్మెట్ ఇంట్లో మేకుకి వేలాడుతూ ఉంది. కాలికి కట్టుతో మంచం మీద పడుకుని మావాడు నాతో అన్న మాట ఇది: "ఆ రోజు అడిగితే నవ్వావు కదా మామా."

ఆ మాట నన్ను వదలలేదు. పిల్లవాడు అడిగిన ప్రశ్నకు జవాబు నాకే తెలియదు. అందుకని వెతికాను, చదివాను, వీడియోలు చూశాను. "మనవాళ్లు ఎవరూ లేరు" అన్న మాటకు జవాబు ఎక్కడో అమెరికాలోని ఫ్లోరిడాలో దొరికింది. అతని పేరు జేమ్స్ స్టీవర్ట్. అందరూ ముద్దుగా 'బబ్బా' అని పిలుస్తారు.

ముందు ఆట గురించి రెండు మాటలు. మోటోక్రాస్ అంటే తారు రోడ్డు మీద జరిగే రేసు కాదు. ఎత్తుపల్లాలు, గుంతలు, మట్టి దిబ్బలు, బురద ఉన్న మూసి ఉంచిన ట్రాక్ మీద జరుగుతుంది. అమెరికా జాతీయ పోటీల్లో ఒక్కొక్క మోటో, అంటే ఒక్కొక్క రేసు, అప్పట్లో 30 నిమిషాలు, ఆపైన ఇంకో రెండు రౌండ్లు. ఒకే రోజు అలాంటివి రెండు. బండి దాదాపు 100 కిలోల బరువు. ఎక్కువసేపు పెగ్గుల మీద నిలబడే నడపాలి. ఆ బండికి హెడ్‌లైటు ఉండదు, ఇండికేటర్ ఉండదు. అది రోడ్డు కోసం చేసిన బండి కాదు. ఇదే ఆటను స్టేడియంలోకి మట్టి తోలి, జంపులు కట్టి ఆడితే సూపర్‌క్రాస్ అంటారు.

జేమ్స్ 1985 డిసెంబర్ 21న ఫ్లోరిడాలోని బార్టోలో పుట్టాడు. నల్లజాతి కుటుంబం. తండ్రికి మోటోక్రాస్ పిచ్చి, ఆయన కూడా రేసులు నడిపేవాడు. నాలుగేళ్ల వయసులో కొడుకును మొదటి పోటీలో దించాడు. కుటుంబమంతా వ్యానులాంటి ఇంట్లో ఊరూరా తిరిగేది. చదువు ఇంటి దగ్గరే, రేసుకీ రేసుకీ మధ్య. ఆ ఆటలో చుట్టూ చూస్తే అందరూ తెల్లవాళ్లే. అలాంటి చోట ఆ పిల్లవాడు 16 ఏళ్లు వచ్చేలోగా 11 జాతీయ అమెచ్యూర్ టైటిళ్లు గెలిచాడు.

ఇక్కడ ఆయన కంటే ముందు వెళ్లిన ఒక పెద్దాయన్ని తలచుకోవాలి. వెండెల్ స్కాట్ అనే నల్లజాతి కారు రేసర్ 1963 డిసెంబర్ 1న అదే ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో నాస్కార్ రేసు గెలిచాడు. ఆయన గెలిచినా, ఆ రోజు ట్రోఫీ ఇంకొకరి చేతికి ఇచ్చారు. లెక్కలో పొరపాటు జరిగిందని తర్వాత ఒప్పుకున్నారు. ఆ ట్రోఫీ ఆయన కుటుంబానికి అందింది 2021లో. అప్పటికి ఆయన చనిపోయి 30 ఏళ్లు దాటింది. గెలిచి కూడా గెలిచినట్టు అనిపించుకోలేకపోవడం ఎలా ఉంటుందో మన పెద్దవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

జేమ్స్ కాలానికి పరిస్థితి కొంత మారింది. 2002లో 16 ఏళ్ల వయసులో కవాసాకి జట్టులో ప్రొఫెషనల్ అయ్యాడు. మొదటి ఏడే 125 సీసీ జాతీయ మోటోక్రాస్ ఛాంపియన్ అయ్యాడు. మోటార్ స్పోర్ట్స్‌లో ఒక పెద్ద ఛాంపియన్‌షిప్ గెలిచిన తొలి ఆఫ్రికన్ అమెరికన్‌గా అతన్నే చెబుతారు. 2004లో ఆ టైటిల్ మళ్లీ గెలిచాడు. 2007లో, 2009లో పెద్ద విభాగంలో సూపర్‌క్రాస్ ఛాంపియన్. 2008లో అయితే బయట ట్రాకుల సీజన్‌లో 12 రౌండ్లు, 24 మోటోలు జరిగితే 24కి 24 గెలిచాడు. ఒక్కటి కూడా వదల్లేదు.

అతని పేరు మీద ఒక విద్యే ఉంది. 'బబ్బా స్క్రబ్' అంటారు. మామూలుగా దిబ్బ మీద నుంచి వేగంగా వెళితే బండి పైకి లేస్తుంది. మనకు చూడటానికి బాగుంటుంది కానీ గాలిలో ఉన్నంతసేపు వెనక చక్రానికి నేల అందదు, వేగం పెరగదు. జేమ్స్ ఏం చేశాడంటే, దిబ్బ అంచు వదిలే క్షణంలో బండిని పక్కకు దాదాపు పడుకోబెట్టేవాడు. బండి ఎత్తు లేవకుండా కిందుగా సాగిపోయి ముందే నేల తాకేది. ఇవాళ పెద్ద రేసర్లంతా అదే చేస్తున్నారు. మీరు ఫోన్‌లో చూసేది ఆ రెండు క్షణాలే. దాని వెనక నాలుగేళ్ల వయసు నుంచి మెత్తటి మట్టి మీద, దిగడానికి వాలు కట్టిన చోట, ఒంటి నిండా కవచంతో చేసిన సాధన ఉంది. హెల్మెట్, కళ్లద్దాలు, ఛాతీకి కవచం, మోకాళ్లకు బ్రేసులు, మోకాలి దాకా బూట్లు. ప్రపంచంలో అంత బాగా బండి నడిపే మనిషి ఇవన్నీ లేకుండా ట్రాక్ మీదకు వెళ్లడు. మనం సంతకు చెప్పులతో వెళతాం.

ఇన్ని వేసుకున్నా దెబ్బలు తప్పలేదు. 2003లో కాలర్‌బోన్ విరిగింది, ఆ ఏడు టైటిల్ చేజారింది. 2005లో చెయ్యి విరిగింది. 2008లో సూపర్‌క్రాస్ సీజన్ మధ్యలో మోకాలికి ఆపరేషన్ అయింది. 24కి 24 గెలిచింది ఆ ఆపరేషన్ తర్వాతే. అంటే ఆ కొద్ది నెలలు ఫిజియోథెరపీ ఎంత ఓపికగా చేసి ఉండాలో ఆలోచించండి. ప్రొఫెషనల్ అంటే వేగంగా నడిపేవాడు అని మనం అనుకుంటాం. విరిగిన ఎముక అతికేదాకా చెప్పినట్టు మంచం మీద ఉండేవాడు కూడా ప్రొఫెషనలే.

నా మనసుకు బాగా తగిలిన సంగతి ఒకటుంది. చిన్న విభాగంలో ఉన్నప్పుడు జేమ్స్ బండి మీద 259 అనే నంబరు ఉండేది. రేసులో పడి, శరీరం చచ్చుబడిపోయిన ఒక స్నేహితుడి గౌరవార్థం పెట్టుకున్న నంబరు అది. తను గెలిచిన ప్రతిసారీ ఆ నంబరు కూడా గెలిచింది. ఈ సంగతి మావాడికి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇప్పుడు అతను తప్పిన చోటు కూడా చెప్పాలి. మంచి మాత్రమే చెప్పి పంపితే మీకు నేను న్యాయం చేసినట్టు కాదు. 2014లో జేమ్స్ తన 50వ సూపర్‌క్రాస్ గెలుపు అందుకున్నాడు. అదే ఏడు ఏప్రిల్‌లో సియాటిల్ రేసు దగ్గర తీసిన నమూనాలో యాంఫెటమైన్ ఉన్నట్టు తేలింది. ఏకాగ్రత లోపానికి డాక్టర్ రాసిచ్చిన మందు వల్ల వచ్చిందని అతను చెప్పాడు. కానీ వైద్య అవసరం కోసం ఆ మందు వాడుకోవడానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి పత్రం అప్పటికి లేదు. 16 నెలల నిషేధం పడింది. 2016లో తిరిగి వచ్చాడు కానీ సీజన్ మొదటి రేసులోనే తలకు దెబ్బ తగిలింది. ఆ పాత జోరు మళ్లీ రాలేదు. 2019లో విరమణ ప్రకటించాడు.

ఒక్క కాగితం. కాగితం లేక పోడు భూమి పోగొట్టుకున్న ఇళ్లు మనలో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. కుల ధ్రువీకరణ పత్రం సమయానికి అందక సీటు పోయిన పిల్లలు ఈ హాల్లోనే ఉంటారు. ఆటలోనూ అంతే. కండ ఎంత ఉన్నా, కాగితం పక్కాగా లేకపోతే అడ్డంగా నిలబెడతారు. ఏ ఆట ఆడేవాళ్లయినా సరే, జలుబు మాత్ర వేసుకునే ముందు కూడా కోచ్‌ను అడగండి.

జేమ్స్ కథ అక్కడితో ఆగలేదు. తమ్ముడు మాల్కమ్ అన్న వెనకే ఆటలోకి వచ్చాడు. 2016లో 250 సీసీ ఈస్ట్ విభాగం సూపర్‌క్రాస్ టైటిల్ గెలిచాడు. పెద్ద విభాగంలో తొలి గెలుపు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసి, 2025లో సొంత రాష్ట్రం ఫ్లోరిడాలోని టాంపాలో సాధించాడు. అప్పటికి అతనికి 32 ఏళ్లు. అన్న 16 ఏళ్లకే ఛాంపియన్, తమ్ముడికి పెద్ద గెలుపు 32 ఏళ్లకు. మీ పక్కింటి వాడికి ముందే వచ్చింది, మీకు ఇంకా రాలేదని కుంగిపోయేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

మన దేశంలో దారి లేదా? ఉంది. బెంగళూరుకు చెందిన సి.ఎస్. సంతోష్ మోటోక్రాస్‌తోనే మొదలుపెట్టి, 2015లో డకార్ ర్యాలీ పూర్తి చేసిన తొలి భారతీయుడయ్యాడు. కేరళకు చెందిన హరిత్ నోవా జాతీయ సూపర్‌క్రాస్ ఛాంపియన్. 2023 డకార్‌లో పడి వెన్నుపూస విరిగింది. మరుసటి ఏడాది 2024లో మళ్లీ వెళ్లి మొత్తం మీద 11వ స్థానంలో నిలిచాడు, ర్యాలీ-2 విభాగంలో మొదటివాడయ్యాడు.

ఖర్చు మాటేమిటని అడుగుతారు. నిజమే, ఇది డబ్బున్నవాళ్లు ఎక్కువగా ఉన్న ఆట. అబద్ధం చెప్పను. కానీ పర్వతారోహణ మాత్రం చవకైనదా? నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మన గిరిజన బిడ్డ మాలావత్ పూర్ణ 13 ఏళ్లకే 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. గురుకుల పాఠశాల ఆమెను పంపింది. భువనగిరి కోట బండ మీద శిక్షణ మొదలైంది. కాబట్టి ఒంటరిగా కుదరనిది వెనక ఒక సంస్థ నిలబడితే కుదురుతుంది. మన సంఘం పెద్దలు ఈ మాట విన్నారని అనుకుంటున్నాను.

నిజంగా ఆసక్తి ఉన్నవాళ్లకు నేను తెలుసుకున్నది చెబుతాను. దేశంలో మోటార్ స్పోర్ట్స్‌ను నడిపే సమాఖ్య పేరు ఎఫ్ఎంఎస్‌సీఐ. పోటీలకు దాని లైసెన్స్ కావాలి. ముందు సొంత బండి కొనాలని అప్పు చేయొద్దు. శిక్షణ ఇచ్చే ట్రాకులు ఉన్నాయి, కోలార్ దగ్గర సంతోష్ పెట్టినది ఒకటి. వెళ్లి చూడండి, నేర్చుకోండి. ఒంట్లో బలం, ఊపిరి పట్టే శక్తి మాత్రం ఇక్కడే మన కొండల్లో పెంచుకోవచ్చు. అందరూ రేసర్లు కాలేరు. ఒక్క రేసర్ వెనక మెకానిక్, సస్పెన్షన్ పనివాడు, ఫిజియో, ట్రాక్ కట్టే మనిషి ఉంటారు. ఐటీఐలో మోటార్ మెకానిక్ చదివే తమ్ముళ్లూ, ఇది మీ కోసం కూడా.

మా మేనల్లుడు ఇప్పుడు ఐటీఐలో చేరాడు. కాలు ఇంకా పూర్తిగా వంగదు. రేసర్ అవుతాడో లేదో నాకు తెలియదు. కానీ ఈసారి అడిగినప్పుడు నేను నవ్వలేదు. కూర్చోబెట్టి చెప్పాను.

అమ్మలకు, అయ్యలకు ఒక మాట. 18 నిండని పిల్లవాడికి గేరు బండి తాళం ఇస్తే 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పెద్దలకే పడవచ్చు. చట్టం అలా ఉంది. జైలు కంటే పెద్ద శిక్ష ఏమిటో ఆ పిల్లవాడి తల్లిని చూసినవాడిగా నాకు తెలుసు.

మొదట చెప్పిన లెక్క ఇదిగో. బయట 41 బైకులు ఉన్నాయి. హెల్మెట్లు ఆరు. వచ్చే ఏడు ఇదే రోజు ఇక్కడే మళ్లీ లెక్కపెడతాను. బైకుకు ఒక హెల్మెట్ కూడా సరిపోదు, వెనక కూర్చున్నవాడికి కూడా ఉండాలి. ఇప్పుడు ఇళ్లకు నెమ్మదిగా వెళ్లండి. ఘాట్ రోడ్డు వర్షానికి జారుతోంది.