పాస్‌బుక్‌లో ఆ ఒక్క లైను
(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

భివండి, ఇచల్‌కరంజి, దొడ్డబళ్లాపురం, సేలం, బరంపురం, యానాం... ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. పండుగపూట చావు మాట ఎత్తుతున్నందుకు పెద్దలు మన్నించాలి. ఎత్తక తప్పడం లేదు.

సోలాపూర్‌లో మా పక్క వీధి తమ్ముడొకడు టవళ్ల కార్ఖానాలో పనిచేసేవాడు. వయసు 43. రాత్రి షిఫ్టు దిగి వచ్చి, ఛాతీలో నొప్పి అని కూర్చున్నాడు, మళ్లీ లేవలేదు. భార్య బీడీలు చుడుతుంది. ఇద్దరు పిల్లలు. దినాలు అయ్యాక ఆ చెల్లె కాగితాల సంచి తెచ్చి మా ముందు పెట్టింది. పాస్‌బుక్‌లో మూడేండ్లు వరుసగా 436 రూపాయలు కోత పడిన లైను ఉంది. నాలుగో ఏడు లేదు. ఆ మే నెలాఖరున ఖాతాలో ఉన్నది 212 రూపాయలే. 224 రూపాయలు తక్కువపడి 2 లక్షలు చేజారాయి.

తప్పు ఆ తమ్ముడిదా? ఆ లైను ఏమిటో అతనికి ఎవరూ చెప్పలేదు. ఉగాదికీ దసరాకూ ఫోన్లలో శుభాకాంక్షలు పంపే మేము, మే నెలలో ఒక్క మాట పంపలేదు. ఆ తప్పు మాది. అందుకే ఈ మాటలు.

తెలంగాణలో ఉన్న మన చుట్టాలకు 2022లో నేతన్న బీమా వచ్చింది. 5 లక్షల రక్షణ, ప్రీమియం అక్కడి ప్రభుత్వమే కట్టేలా పెట్టారు. మనది అదే పని, అదే భాష. అయినా రాష్ట్రం దాటి వచ్చిన మనకు అది వర్తించదు. అట్లని మనకు దారే లేదనుకోవద్దు.

మొదటి మెట్టు ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. దేశంలో ఏ రాష్ట్రంలో ఉన్నా బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఖాతా ఉంటే చాలు. ఏడాదికి 436 రూపాయలు. మనిషి ఏ కారణంతో పోయినా ఇంటికి 2 లక్షలు. 18 నుంచి 50 ఏండ్లలోపు చేరాలి, చేరినవాళ్లకు 55 దాకా నడుస్తుంది. దీనికి తోడు సురక్షా బీమా, ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో పోతే మరో 2 లక్షలు. ఇది 70 ఏండ్ల దాకా ఉంది. రెండూ కలిపి 456. అంటే నెలకు 38 రూపాయలు. రోజూ తాగే చాయ్ ఖర్చు లెక్కేసుకోండి.

అయితే రెండు సంగతులు మరవొద్దు. ఈ బీమా ఏడాది జూన్ 1న మొదలై మే 31తో ముగుస్తుంది. మే ఆఖరి వారంలో ఖాతాలో డబ్బు లేకపోతే తెగిపోతుంది. మళ్లీ చేరితే మొదటి 30 రోజులు ప్రమాద మరణానికి తప్ప డబ్బు రాదు. రెండోది, నాలుగు బ్యాంకుల్లో కట్టినా వచ్చేది ఒక్క 2 లక్షలే. ఒక్క ఖాతాలోనే పెట్టుకోండి.

ఇంట్లో ఎదిగే పిల్లలుంటే 2 లక్షలు ఎన్నాళ్లొస్తాయి? రెండో మెట్టు సరళ్ జీవన్ బీమా. 2021 జనవరి నుంచి ప్రతి జీవిత బీమా కంపెనీ దీన్ని అమ్మాలని నియమం వచ్చింది. 5 లక్షల నుంచి 25 లక్షల దాకా. ఏం పని చేస్తారు, ఎంత చదివారు అని చెప్పి కాదనడానికి లేదు. షరతులు అన్నిచోట్లా ఒకటే, ధరలే వేరు. కాబట్టి మూడు కంపెనీల్లో అడిగి తక్కువది తీసుకోండి. దీంట్లో మొదటి 45 రోజులు ప్రమాద మరణానికే రక్షణ. ఆదాయం కాగితాలు సరిగ్గా ఉన్నవాళ్లు మామూలు టర్మ్ పాలసీ ధర కూడా అడగండి, చాలాసార్లు ఇంకా తక్కువకు వస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా మీద జీఎస్టీ కూడా లేదు.

"బతికుంటే ఏమీ రాదు కదా, డబ్బు వృథా" అంటారు మనవాళ్లు. అందుకే డబ్బు తిరిగొచ్చే పాలసీలు కడతారు. దాంట్లో ఎక్కువ భాగం పొదుపుకే పోతుంది, రక్షణ చిన్నదవుతుంది. పని మందగించిన ఏడు కట్టలేక వదిలేస్తే అటు పొదుపు నష్టం, ఇటు రక్షణా పోతుంది. ముందు రక్షణ, తర్వాత పొదుపు.

పొగాకు, బీపీ, షుగరు ఉంటే ఫారంలో దాచొద్దు. నాలుగు రూపాయలు ఎక్కువైనా నిజమే రాయించండి. దాచింది రేపు బయటపడితే చిక్కు మన పిల్లలకే.

సావుకారు అప్పున్న అన్నలకు ఒక మాట. 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం ఇంకా అమల్లో ఉంది. పాలసీ తీసుకునేటప్పుడే ఆ చట్టం కింద భార్యాపిల్లల పేర రాయిస్తే, ఆ సొమ్ము వాళ్లదే. భర్త చేసిన అప్పుకు దాన్ని పట్టుకోనివ్వరు. తర్వాత రాయిస్తామంటే కుదరదు, మొదట్లోనే అడగాలి.

చివరగా, ఇంటికి పోగానే పాస్‌బుక్ తీయండి. 436 లైను ఉందా, నామినీ పేరు సరిగ్గా ఉందా చూసి భార్యకు చూపించండి. తెలియని బీమా లేని బీమాతో సమానం. ఇక ప్రతి మే 20న మన వీధి పెద్దలు ఇంటింటికీ వచ్చి ఒక్కటే అడుగుతారు: "ఖాతాలో 456 ఉన్నాయా?" కసురుకోకండి. లేనివాళ్లుంటే చెప్పండి, ఆ నెలకు మేమే వేస్తాం, తర్వాత ఇవ్వండి.

ఆ చెల్లెకు ఇవ్వలేకపోయింది ఇంకో చెల్లెకైనా అందాలి. సెలవు.