ఇన్‌ఫ్లుయెంజా సూది యెవరికి?



పడిశము పది రోగముల పెట్టని మన పెద్దలందురు. నేను నేడు చెప్పబోవునది పడిశమును గూర్చి కాదు. పడిశము వేషమున వచ్చు ఇన్‌ఫ్లుయెంజాను గూర్చి. ఈ పేరు ఇటలీ భాషలోనిది, ప్రభావమని యర్థము. గ్రహప్రభావముచే ఈ జ్వరము కలుగునని పూర్వమచ్చటివారు తలంచిరట. గ్రహములపై నెపము వేయుటలో వారును మనవంటివారే! 1933లో ఆంగ్లశాస్త్రజ్ఞులు రోగులనుండి దీని వైరసును వేఱుపఱచిన పిమ్మట గ్రహములకు ఆ నింద తొలగినది.

1918లో నిది బొంబాయి రేవునుండి బయలుదేఱి రైలుమార్గముల వెంట దేశమెల్ల ప్రాకి, కోటికి మించిన ప్రాణములను గొనినది. 2009లో క్రొత్తరూపమున వచ్చినపుడు దేశమున మొదట గుర్తింపబడినది మన హైదరాబాదునందే.

"సర్దికి సూది యెందుకు పంతులుగారూ, మిరియాల కషాయము చాలదా?" అని గోదావరిఖనిలో నొక పింఛనుదారు నన్నడిగెను. ముప్పదియేండ్లు బొగ్గుబాయిలో దిగినవాడు. నాలుగు మెట్లెక్కిన నాయాసపడును. కషాయము గొంతునకు హితమే, నేనును త్రాగుదును. కాని యది వైరసును నిలుపజాలదు. ఏండ్ల తరబడి ధూళి పీల్చిన ఊపిరితిత్తులపై నీ జ్వరము పడినచో న్యుమోనియాగ మారు భయము మెండు. వయస్సుచేతను, ఊపిరిచేతను ఆయన రెండు విధముల నర్హుడు.

మఱియు గర్భిణులు, ఏ నెలయందైనను. ఆఱు నెలలు నిండిన పసివాండ్రు మొదలు అయిదేండ్లవారి వఱకు. మధుమేహము, గుండెజబ్బు, ఉబ్బసము, మూత్రపిండముల వ్యాధి గలవారు. ఆసుపత్రులలో పనిచేయువారు వేయించుకొనవలయునని వైద్యుల మతము. ఆఱు నెలలు నిండని శిశువునకీ సూది తగదు. తల్లి గర్భిణిగ నున్నపుడు వేయించుకొనినచో నా రక్షణమే బిడ్డకు సంక్రమించును.

నిరుడు వేయించుకొంటిమి గదా యనరాదు. ఈ వైరసు రూపము మార్చుచుండును. అందుచే ప్రపంచ ఆరోగ్యసంస్థవారు ఏటేట ఫిబ్రవరిలోను, సెప్టెంబరులోను మందు కూర్పును నిర్ణయింతురు. మనకు వానకాలమునను, మరల చలికాలాంతమునను ఇది హెచ్చును. మందు పనిచేయుటకు రెండు వారములు పట్టును గావున రోహిణికార్తెకు ముందే వేయించుకొనుట మేలు. సూదివలన జ్వరము వచ్చునను మాట సగమే నిజము: ఒకటి రెండు దినములు చేయి నొచ్చును, ఒడలు వెచ్చబడవచ్చును. సూదిమందులోనిది చచ్చిన వైరసు. అది రోగము నంటింపదు. ఇదివఱలో నీ మందు పడక ప్రమాదము గలిగినవారు మాత్రము మానవలయును.

సర్కారువారి ఉచిత టీకాలలో నిది చేరలేదు, కొనవలసియున్నది. ఇది నాకు విచారకరము. ఇంటనందఱకు కొనలేనిచో ముందెవరికని పెద్దలడుగుదురు. గర్భవతియైన కోడలుండిన ముందామెకే యని నా మతము. ఒక్క సూది యిద్దఱిని గాచును. పిమ్మట ఆయాసము గల వృద్ధులకు.

సూది వేయించుకొన్నను జ్వరము రాదని కాదు, ముదురుట తగ్గును. ఊపిరి యెగబీల్చుచున్నను, పెదవులు నీలివాఱినను, తెల్లవాఱనిండని కూర్చుండక ఆ రాత్రియే ఆసుపత్రికి గొనిపోవుడు.