బంతి రాకముందే చూడాలి

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఉపన్యాసాలు అలవాటు లేదు, గ్రౌండ్‌లో విజిల్ ఊదడమే అలవాటు. కార్యదర్శి గారు ఆటల గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. అందుకే నాకు తెలిసిన ఫుట్‌బాల్‌లో ఒక్క విషయమే చెబుతాను. సరైన క్షణంలో సరైన నిర్ణయం తీసుకోవడం ఆటగాడికి ఎలా నేర్పాలి అన్నదే ఆ విషయం.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. 2004లో నేను హవల్దారుని, మా బెటాలియన్ టీమ్‌కి ఉస్తాద్‌ని. పొద్దున పీటీలో పరుగు, సాయంత్రం గేమ్స్ పరేడ్‌లో డ్రిల్లు. కోన్ల మధ్య బంతి నడిపించడం, వరసలో నిలబెట్టి పాస్‌లు, షాట్లు. మా కుర్రాళ్లు గుర్రాల్లా పరిగెత్తేవాళ్లు. మ్యాచ్‌లో నేను లైన్ పక్కన నిలబడి గొంతు పోయేలా అరిచేవాణ్ణి. "పాస్ దో", "ఆగే మార్", "పీఛే దేఖ్" అని తొంభై నిమిషాలూ అదే పని.

ఆ ఏడు ఫైనల్లో స్కోరు 1-1. ఇక ఐదు నిమిషాలే ఉంది. మధ్యలో ఆడే మా లాన్స్ నాయక్‌కి బంతి దొరికింది. ఎడమ పక్క మావాడు ఒంటరిగా ఉన్నాడు. కానీ ఇతను బంతి కాలికింద పెట్టుకుని తల తిప్పి నా వైపు చూశాడు. ఆ ఒక్క క్షణంలో ఎదుటివాడు బంతి లాక్కుపోయాడు. గోల్. ఓడిపోయాం.

రాత్రి లంగర్ దగ్గర పట్టుకుని "ఎందుకు ఆగిపోయావురా?" అని గట్టిగా అడిగాను. శ్రీకాకుళం కుర్రాడు, తల వంచుకుని అన్నాడు: "ఉస్తాద్, మీరేటంటారో అని చూసినానండి."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడు పిరికివాడు కాదు, చేతకానివాడు అంతకన్నా కాదు. వాడికి ఆలోచించే అవకాశం నేనే ఇవ్వలేదు. కోన్ ఎదురు తిరగదు, దొంగదారిన వచ్చి బంతి లాక్కోదు. కోన్ల మధ్య ఎంత తిరిగినా కాలికి పని నేర్పినట్టే గానీ కంటికి నేర్పినట్టు కాదు.

ఈ సంగతి తెలిసిన మహానుభావుడు మన హైదరాబాద్‌లోనే ఉండేవారు. స్కూల్లో టీచరుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన కథే. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. మన దేశం 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది ఆయన శిక్షణలోనే. ఆయన డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టేవారు. బలహీనమైన కాలితోనే ఆడాలని షరతు పెట్టి మరికొన్ని పెట్టేవారు. డ్రిబ్లింగ్ కుదరదంటే ఏమవుతుంది? బంతి రాకముందే ఎవరికివ్వాలో చూసుకోక తప్పదు. అంటే నోటితో చెప్పకుండా, ఆట నియమంతోనే ఆలోచన నేర్పారన్నమాట.

1962 జకార్తా ఫైనల్లో మనం దక్షిణ కొరియాని 2-1తో ఓడించాం. ఆ రోజు గోల్‌లో నిలబడ్డ పీటర్ తంగరాజ్ మన ఫౌజీయే. మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ 1955లో, 1958లో డ్యూరాండ్ కప్ గెలిచినప్పుడు ఆ టీమ్‌లో ఆడినవాడు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం కూడా జకార్తాలో ఉన్నాడు.

నేను కూడా పద్ధతి మార్చాను. మూడు పనులు చేశాను.

ఒకటి, వేళ్లు చూపడం. బంతి అందుకోబోయేవాడి వెనక ఒకణ్ణి నిలబెట్టి వేళ్లు ఎత్తమనేవాణ్ణి. బంతి కాలికి తగిలేలోపు ఇతను వెనక్కి చూసి ఎన్ని వేళ్లో చెప్పాలి. మొదటి వారం అందరూ తప్పులే. తరవాత తల తిప్పి చూడటం వాళ్లకే అలవాటైంది.

రెండు, చిన్న ఆట. ముప్పై మీటర్ల పొడవు, ఇరవై వెడల్పు. అటు నలుగురు, ఇటు నలుగురు. ఒక్కొక్క వైపు రెండేసి చిన్న గోల్‌పోస్టులు. బంతిని రెండుసార్లకు మించి తాకకూడదు. ఒక గోల్ దగ్గర జనం ఉంటే రెండోది ఖాళీగా ఉంటుంది. అది చూసి తిప్పినవాడే గెలుస్తాడు. పెద్ద గ్రౌండ్‌లో ఇరవై రెండు మంది ఆడితే ఒక్కొక్కడికి బంతి దొరికేదే తక్కువ. ఇక్కడ నిమిషం నిమిషానికీ ఒక నిర్ణయం.

మూడోది అన్నింటికన్నా కష్టం, నేను నోరు మూసుకోవడం. పది నిమిషాలు ఆడనిచ్చి, ఆపి, రెండే ప్రశ్నలు అడిగేవాణ్ణి. "ఏం చూశావు? ఇంకేం చెయ్యొచ్చు?" జవాబు నేను చెప్పేవాణ్ణి కాదు.

మరుసటి ఏడు కప్పు గెలిచామని చెబితే మీరు చప్పట్లు కొడతారు. గెలవలేదు. సెమీఫైనల్లో ఓడిపోయాం. కానీ ఆ మ్యాచ్‌లో అదే లాన్స్ నాయక్ బంతి వచ్చేలోపే రెండుసార్లు తల తిప్పి చూసి, నా వైపు చూడకుండా, ఎడమ పక్కకి పొడుగు పాస్ కొట్టాడు. బంతి రెండు గజాలు ఎక్కువ పోయి లైన్ దాటింది. వెనకటి నేనైతే తిట్టేవాణ్ణే. నిర్ణయం సరైనదే, కాలు మాత్రం తప్పింది. కాలికి సాధన చేయించవచ్చు. నిర్ణయం తీసుకున్నందుకు తిడితే మాత్రం వాడు మళ్లీ నా వైపే చూస్తాడు. అందుకని చప్పట్లు కొట్టాను.

సోదరులారా, ఇది ఫుట్‌బాల్ ఒక్కదానికే కాదు. శాండ్ మోడల్ మీద ఎంత బాగా వివరించినా, కాల్పులు మొదలయ్యాక సెక్షన్ కమాండర్ పక్కన మనం ఉండం. ఏం చెయ్యాలో వాడే చూసుకోవాలి. హుకుం పాటించడం మనం బాగానే నేర్పుతాం. హుకుం అందని చోట ఆలోచించడం కూడా మనమే నేర్పాలి.

యూనిట్లలో టీములు నడుపుతున్నవారు, రిటైరై ఊళ్లో పిల్లలకి ఆట నేర్పుతున్నవారు ఈ సాయంత్రమే ఒక పని చేసి చూడండి. పది నిమిషాలు విజిల్ జేబులో పెట్టుకోండి. పిల్లవాడు తప్పు చేస్తాడు, చెయ్యనివ్వండి. తరవాత పిలిచి, ఏం చూశావని అడగండి.